కొత్త కారుకు ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోవాలా? ముందు గేర్‌బాక్స్ ఏదో చూడండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మధురవాడలో ఉంటున్నారు, ఆఫీసు రుషికొండ ఐటీ హిల్స్ మీద. టర్బో పెట్రోల్, డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ ఉన్న చిన్న ఎస్‌యూవీ బుక్ చేశారు. కంపెనీ వారంటీ మూడేళ్ళు ఎలాగూ వస్తుంది. ఆ పైన రెండేళ్ళకి షోరూంలో 27 వేలు అడుగుతున్నారు, డెలివరీ రోజే కట్టాలి, తర్వాత ఇవ్వం అంటున్నారు. మీ మామయ్యగారేమో "మూడేళ్ళయ్యాక ఆటోనగర్‌లో సగం ధరకే పనైపోతుంది, ఆ డబ్బు దండగ" అంటున్నారు. ఎవరి మాట వినాలి?

మీ బండికైతే తీసుకోండి. కాకపోతే కారు తయారుచేసిన కంపెనీ ఇచ్చే ప్లానే తీసుకోండి, అందులో క్లచ్ గురించి ఏం రాశారో కాగితం మీద చదివాకే డబ్బు కట్టండి. డెలివరీ రోజే తేల్చేసుకోవాల్సిన అవసరం మాత్రం లేదు. ఇదే ప్రశ్న మాన్యువల్ గేర్ల పెట్రోల్ కారు గురించి అడిగి ఉంటే, మీ మామయ్యగారి మాటే వినమని చెప్పేవాణ్ణి.

నేను విశాఖలో చాలా ఏళ్ళు ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌లో పనిచేశాను. మొదట అడ్వైజర్‌గా, తర్వాత వర్క్‌షాప్ మేనేజర్‌గా. వారంటీ క్లెయిములు కంపెనీకి పంపడం, అక్కణ్ణుంచి "కాదు" అని వస్తే ఆ మాట కస్టమర్‌కి చెప్పడం నా పనే. ఏవి పాసవుతాయో, ఏవి వెనక్కొస్తాయో ఆ కుర్చీలో కూర్చుంటే బాగా తెలుస్తుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక విషయం. "ఎక్స్‌టెండెడ్ వారంటీ కళ్ళు మూసుకుని తీసుకో" అన్న సలహా మనవాళ్ళలో బాగా పాతుకుపోయింది. దానికి కారణం ఉంది. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే మారుతి సుజుకీ కార్లకి 2024 జూలై దాకా మామూలు వారంటీ రెండేళ్ళు లేదా 40 వేల కిలోమీటర్లే. బాగా తిరిగే బండికి అది చిటికెలో అయిపోయేది. ఇప్పుడు వాళ్ళు కూడా మూడేళ్ళు లేదా లక్ష కిలోమీటర్లు ఇస్తున్నారు. తయారీలో లోపం ఉంటే అది ఎక్కువగా మొదటి మూడేళ్ళలోనే బయటపడుతుంది. కాబట్టి నాలుగో ఏడు, అయిదో ఏడు కోసం మీరు కట్టే డబ్బు ఏ భాగం కోసం కడుతున్నారో తెలిసి కట్టాలి.

మామూలు పెట్రోల్ ఇంజను, చేత్తో మార్చే గేర్లు ఉన్న బండిలో నాలుగైదేళ్ళకి ఏం పోతాయి? బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, సస్పెన్షన్ బుష్‌లు, బ్యాటరీ, టైర్లు. వీటిలో దాదాపు ఏదీ ఎక్స్‌టెండెడ్ వారంటీలో రాదు, అరుగుదల కింద రాసేస్తారు. వచ్చే భాగాలేమో ఆ బండిలో అంత త్వరగా పోవు. అందుకే ఆ బండికి మీ మామయ్యగారి లెక్క సరైనదే. గాజువాక ఆటోనగర్‌లో మంచి పనితనం ఉన్న మెకానిక్కులున్నారు. సస్పెన్షన్ పని, క్లచ్ పని వాళ్ళు చేస్తే వంక పెట్టడానికి ఉండదు.

మీ బండి కథ వేరు. డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్‌లో మనం చేసే క్లచ్ పని, గేర్ మార్చే పని ఒక ఎలక్ట్రానిక్ యూనిట్ చేస్తుంది. అందులో కంట్రోల్ మాడ్యూల్, అది చెప్పినట్టు క్లచ్‌నీ గేర్లనీ కదిలించే యాక్చుయేటర్లు ఉంటాయి. అది మొరాయిస్తే రిపేరు చేయడం అరుదు, యూనిట్ మొత్తం మారుస్తారు. మార్చాక కంపెనీ స్కానర్ పెట్టి ఆ బండికి తగ్గట్టు సాఫ్ట్‌వేర్ ఎక్కించి, క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో దానికి మళ్ళీ నేర్పించాలి. ఈ పని బయట షెడ్లలో అందరూ చేయలేరు. లేబర్‌తో కలిపి ఈ గేర్‌బాక్సులకి లక్ష దాటిన బిల్లులు నా చేతుల మీదుగానే వెళ్ళాయి. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్, ఇంజన్లోకి గాలిని బలంగా నెట్టే టర్బో, ముందున్న పెద్ద టచ్ స్క్రీన్, ఏసీ కంప్రెసర్ కూడా ఖరీదైనవే. ఒక్కోదానికి పదుల వేలల్లో అవుతుంది. 27 వేలు కట్టేది వీటి కోసమే. రెండేళ్ళలో వీటిలో ఒక్కటి పోయినా మీ డబ్బు వెనక్కొచ్చినట్టే. ఏదీ పోకపోతే మంచిదే, ఏడాదికి 13,500 ఇచ్చి నిశ్చింతగా తిరిగారనుకోండి. ఉన్నట్టుండి లక్ష బిల్లు వస్తే ఇబ్బంది పడే ఇల్లయితే ఆ నిశ్చింతకి విలువుంది. అలాంటి బిల్లు ఒకటొచ్చినా తట్టుకోగలం అనుకునే ఇల్లయితే, మీ బండికి కూడా తీసుకోకపోవడం తప్పేం కాదు.

ఇక అసలు మెలిక: క్లచ్. డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ ఉన్న బండికి ప్లాన్ అమ్మేటప్పుడు "గేర్‌బాక్స్ మొత్తం కవర్ అండి" అని నోటితో చెప్పేస్తారు. కాగితంలో చూస్తే, మినహాయింపుల పేజీలో "క్లచ్ డిస్కులు, ప్రెజర్ ప్లేట్లు" అని ఉంటుంది. అంటే కంట్రోల్ యూనిట్ పోతే ఇస్తారు, ఆ డిస్కులూ ప్లేట్లూ కలిసిన క్లచ్ ప్యాక్ అరిగితే ఇవ్వరు. కొన్ని ప్లాన్లలో తనిఖీ చేసి, తయారీ లోపం అని తేలితే ఇస్తామని ఉంటుంది. ఇది బండిని బట్టి, ప్లాన్‌ని బట్టి మారుతుంది కాబట్టి మీకిచ్చిన కాగితంలో ఏముందో అదే లెక్క. సేల్స్ వాళ్ళని "క్లచ్ అసెంబ్లీ కవర్ అవుతుందా, అవునో కాదో మెయిల్‌లో రాసి పంపండి" అని అడగండి. రాసి పంపితే మంచిదే. పంపకపోతే సమాధానం "కాదు" అనే అనుకోండి.

నా దగ్గరికి వచ్చిన కేసు ఒకటి చెబుతాను. గాజువాక నుంచి ఒకాయన, ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం, ఇలాంటి గేర్‌బాక్సే. నాలుగో ఏడులో, సింహాచలం కొండ ఎక్కుతుంటే ట్రాన్స్‌మిషన్ వేడెక్కిందని హెచ్చరిక వచ్చింది. ఆయన అక్కడే పక్కకి ఆపి, చల్లారాక దింపుకొచ్చారు. అది చాలా మంచి పని చేశారు. స్కానర్ పెడితే కంట్రోల్ మాడ్యూల్‌లో ఫాల్ట్ కోడ్ దొరికింది, ఫొటోలు, కోడ్లు పంపాం, కంపెనీ ఒప్పుకుంది. మాడ్యూల్ ఉచితంగా మారింది. కానీ విప్పి చూస్తే క్లచ్ ప్లేట్లు నల్లగా కాలి ఉన్నాయి. దానికి ఆయనే కట్టాల్సి వచ్చింది. ట్రాఫిక్‌లో ఎత్తు మీద ఆగినప్పుడు బ్రేకు నొక్కకుండా యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టే అలవాటు ఆయనది. అలా చేస్తే క్లచ్ సగం పట్టుకుని జారుతూనే ఉంటుంది, కాలిపోతుంది. మీరు రోజూ ఐటీ హిల్ ఎక్కాలి, ఊళ్ళోకి వెళ్ళినప్పుడు హనుమంతవాక దగ్గర పాకుతూ పోవాలి. కాబట్టి ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి: ఎత్తు మీద ఆగితే బ్రేకు మీదే కాలుండాలి. ముందున్న బండి నాలుగడుగులు కదిలినప్పుడల్లా మీరూ కదలకండి, కాస్త ఖాళీ ఏర్పడ్డాక ఒకేసారి వెళ్ళండి. ఏ వారంటీ ఇవ్వని క్లచ్‌ని ఈ అలవాటే కాపాడుతుంది.

కిలోమీటర్ల సంగతి. ప్లాన్ మీద "5 సంవత్సరాలు" అని పెద్దక్షరాల్లో ఉంటుంది, పక్కన కిలోమీటర్ల పరిమితి చిన్నగా ఉంటుంది. ఏది ముందైతే అదే. శ్రీకాకుళంలో పనిచేస్తూ రోజూ విశాఖ నుంచి కారులో వెళ్ళొచ్చే లెక్చరర్ ఒకరు మా దగ్గరికి వచ్చేవారు. రానూ పోనూ రెండు వందల కిలోమీటర్ల పైనే. నెలకి అయిదు వేలు దాటేది. ఆయన ప్లానుకి లక్ష కిలోమీటర్ల పరిమితి ఉంది. రెండేళ్ళు తిరక్కుండానే లక్ష దాటేసింది, అంటే పొడిగించిన ఏళ్ళు మొదలవ్వకముందే అయిపోయాయి. ఆయన కట్టిన డబ్బుకి ఒక్క రోజు కవర్ కూడా రాలేదు. మీ ఇల్లూ ఆఫీసూ దగ్గరే కాబట్టి మీకు ఆ ఇబ్బంది లేదు. అయినా లెక్క వేసుకోండి: ఏడాదికి ఎంత తిరుగుతారో దాన్ని అయిదుతో గుణిస్తే ప్లాన్ పరిమితి లోపల ఉండాలి.

దీనికి పూర్తిగా వేరే రకం కూడా చూశాను. ఎంవీపీ కాలనీలో రిటైరైన టీచరమ్మగారు, చిన్న మాన్యువల్ కారు, వారానికోసారి గుడికి, రైతుబజారుకి. ఆవిడ ప్లాన్ కొందామని వస్తే నేనే వద్దన్నాను. ఆ డబ్బు బ్యాంకులో వేసుకోమన్నాను. బండి కదలకుండా ఉండడం వల్ల ఆవిడకి వచ్చే ఖర్చు బ్యాటరీ, టైర్లే. అవి ప్లాన్లో రావు.

మన ఊళ్ళో తప్పకుండా తెలుసుకోవాల్సిన మినహాయింపు ఒకటుంది: ఉప్పు గాలి. చాలా కంపెనీల వారంటీ పుస్తకంలో, వాతావరణం వల్ల, ఉప్పు వల్ల, గాలిలో వచ్చే రసాయనాల వల్ల, తుఫాను వల్ల పాడైతే మాకు సంబంధం లేదని రాసి ఉంటుంది. సముద్రానికి ఎదురుగా, పెదవాల్తేరు, లాసన్స్ బే వైపు బయట పార్క్ చేసే బండ్లకి ఏసీ కండెన్సర్ రెక్కలు తెల్లగా పొడిరాలిపోవడం, బోల్టులు తుప్పు పట్టడం నేను ఎన్నోసార్లు చూశాను. అలాంటి కండెన్సర్ లీకైతే క్లెయిమ్ వెనక్కొచ్చే అవకాశమే ఎక్కువ. మీరు రుషికొండలో పగలంతా బండి పెడతారు కాబట్టి చెబుతున్నా. వారానికోసారి ముందు గ్రిల్ లోంచి, బండి కింద నుంచి మంచినీళ్ళు మామూలు పైపుతో కొట్టండి. హై ప్రెజర్ గన్ రేడియేటర్ మీద దగ్గర నుంచి పెట్టనివ్వకండి, రెక్కలు వంగిపోతాయి.

నీళ్ళు, చెట్లు, ఎలుకలు వారంటీలోకి రావు. ఇది చాలామంది కలగలిపేస్తారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు చెట్లు పడి నలిగిపోయిన బండ్లన్నీ ఇన్సూరెన్స్ కిందే వెళ్ళాయి. వారంటీకి అక్కడ పనే లేదు. వానలో నీళ్ళు నిలిచిన అండర్ బ్రిడ్జి కింద బండి ఆగిపోతే, ఇంజన్లోకి నీళ్ళు పోయి ఉండొచ్చు. మళ్ళీ స్టార్ట్ చేయకండి, తోసుకుంటూ బయటికి తెచ్చి టోయింగ్‌కి ఫోన్ చేయండి. స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. దానికి మామూలు ఇన్సూరెన్స్ కూడా చాలదు, అదనంగా డబ్బు కట్టి ఇన్సూరెన్స్‌కి కలుపుకునే ఇంజన్ ప్రొటెక్షన్ అనే యాడ్-ఆన్ ఉండాలి. మన ఊళ్ళో ఎక్స్‌టెండెడ్ వారంటీకా, ఈ యాడ్-ఆన్‌కా అని ఒకటే ఎంచుకోమంటే నేను ముందు యాడ్-ఆన్ తీసుకోమంటాను.

ఇక షోరూంలో ఎదురయ్యే ఒత్తిడి. ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకుంటేనే డెలివరీ ఇస్తాం అనే హక్కు ఎవరికీ లేదు. చాలా కంపెనీలు మామూలు వారంటీ అయ్యేలోపు ఎప్పుడైనా అమ్ముతాయి. ఆలస్యమైన కొద్దీ ధర మాత్రం పెరుగుతుంది, కొన్నింటికి బండి తనిఖీ కూడా ఉంటుంది. కంపెనీ కస్టమర్ కేర్‌కి మీరే ఫోన్ చేసి, డెలివరీ రోజు ధరెంత, ఏడాది తర్వాతెంత, రెండేళ్ళ తర్వాతెంత అని అడగండి. తేడా తక్కువగా ఉంటే ఏడాది ఆగి, బండి ఎలా ఉందో చూసి తీసుకోవచ్చు. తేడా ఎక్కువైతే ఇప్పుడే తీసుకోండి. చెప్పిన ధరలో 18 శాతం జీఎస్టీ కలిసిందో లేదో కూడా అడగండి.

ఆ 27 వేలు లోన్‌లో కలపనివ్వకండి. కలిపితే ఈఎంఐలో తేడా చిన్నగా కనిపిస్తుంది, కానీ ఇంకా మొదలుకాని వారంటీ మీద మీరు అన్నేళ్ళూ వడ్డీ కడతారు. బేరమాడేటప్పుడు సీటు కవర్లు, మ్యాట్లు, ఫిల్ముల బదులు వారంటీ ప్యాకేజీలో తగ్గింపు అడగండి. నెలాఖరుకి ఆ మాటకి విలువ ఎక్కువ.

కంపెనీ ప్లానే తీసుకోమని ఎందుకన్నానంటే, కొన్ని చోట్ల డీలరు ఏదో ఇన్సూరెన్స్ కంపెనీతో కలిసి సొంత ప్లాన్ అమ్ముతాడు. బయటికి కాగితం ఒకేలా ఉంటుంది. ఒక్కో రిపేరుకి పరిమితి, మొత్తానికి పరిమితి, లేబర్ సగమే, ఈ డీలరు దగ్గరే చేయించాలి, ఇలాంటి షరతులుంటాయి. మన ఊళ్ళో నేవీ వాళ్ళు చాలామంది కదా, రెండు మూడేళ్ళకి బదిలీ. కొచ్చి వెళ్ళాక బండి ఆగితే విశాఖ డీలరు ప్లాన్ ఎందుకు పనికొస్తుంది? కంపెనీ ప్లాన్ దేశంలో ఏ ఆథరైజ్డ్ సెంటర్లోనైనా నడుస్తుంది. బండి అమ్మేస్తే కొన్నవాళ్ళ పేరు మీదికి మార్చుకోవచ్చు కూడా, దానికి చిన్న ఫీజు, గడువు ఉంటాయి. ఇద్దరు ముగ్గురు ఆఫీసర్లు ఇలా మార్చి ఇచ్చి, బండికి మంచి ధర రాబట్టుకోవడం చూశాను. మూడేళ్ళ లోపే బండి మార్చే అలవాటుంటే మాత్రం అసలు కొనకండి, మీ డబ్బుతో పక్కవాళ్ళకి కొనిచ్చినట్టు అవుతుంది.

కొన్నాక క్లెయిమ్ పాసవ్వాలంటే రెండు పనులు తప్పనిసరి. మొదటిది సర్వీసులు. పుస్తకంలో చెప్పిన గడువుకి, ఆథరైజ్డ్ సెంటర్లో, బిల్లుతో సహా. ఒక టర్బో క్లెయిమ్ నాకు ఇంకా గుర్తుంది. షాఫ్ట్ ఊగిపోతోంది, నూనె లోపల తారులా గట్టిపడి ఉంది. ఆయన మధ్యలో ఒక సర్వీసు బయట చేయించారు, బిల్లు లేదు. ఏ ఆయిల్ పోశారో చెప్పే ఆధారం లేదు. కంపెనీ కాదంది, మేం ఎంత రాసినా మారలేదు. బయట అతికించే అలారంలు, లైట్లు, స్పీకర్ల కోసం వైర్లు కోయించడం కూడా ఇంతే. కోసిన వైరు కనబడితే ఎలక్ట్రికల్ క్లెయిమ్ అక్కడితో ఆగిపోతుంది. వైరు కోయకుండా కప్లర్‌తో తగిలించేవే పెట్టించుకోండి.

రెండోది జాబ్ కార్డు, అంటే బండి సర్వీసుకి ఇచ్చినప్పుడు మీ ఫిర్యాదులు రాసుకునే కాగితం. దీని విలువ చాలామందికి తెలియదు. గేర్ మారేటప్పుడు అదురుతోందని మీరు నోటితో చెబుతారు, అడ్వైజర్ హడావిడిలో "జనరల్ చెకప్" అని కొట్టేస్తాడు, మీరు సంతకం పెట్టేస్తారు. రెండు నెలల తర్వాత వారంటీ అయిపోతుంది, గేర్‌బాక్స్ పోతుంది. అప్పుడు మీరు ముందే చెప్పారనడానికి ఒక్క అక్షరం కూడా ఉండదు. అందుకే మీ మాటల్లోనే రాయించండి: "చల్లగా ఉన్నప్పుడు ఒకటో గేరు నుంచి రెండుకి మారేటప్పుడు కుదుపు" అని. కాపీ ఫొటో తీసి పెట్టుకోండి. వారంటీలో ఉండగా రాతపూర్వకంగా నమోదైన ఫిర్యాదు అయితే, గడువు దాటాక భాగం పోయినా కంపెనీతో గట్టిగా మాట్లాడొచ్చు. నేను పంపిన క్లెయిముల్లో అలాంటివి పాసైనవి ఉన్నాయి. అలాగే వారంటీ ముగిసే రెండు నెలల ముందు బండిని తెచ్చి, స్కానర్‌తో ఫాల్ట్ కోడ్లు, లిఫ్ట్ మీద ఆయిల్ లీకులు, స్టీరింగ్, ఏసీ అన్నీ చూపించుకోండి. ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోనివాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం.

న్యాయంగా రావాల్సిన క్లెయిమ్ కాదంటే, ఎందుకు కాదో రాసివ్వమని అడగండి. ఆ కాగితంతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద విశాఖలోని జిల్లా కమిషన్‌కి వెళ్ళొచ్చు, సమస్య తలెత్తిన రెండేళ్ళలోపు వేయాలి.

మీ మామయ్యగారికి చెప్పాల్సింది ఒకటే: ఆయన ఆటోనగర్ లెక్క మీ బండి సస్పెన్షన్‌కి, బ్రేకులకి అయిదేళ్ళ తర్వాత కూడా పనికొస్తుంది, ఆ మెకానిక్ నంబరు దగ్గర పెట్టుకోండి. గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్‌కి మాత్రం ప్లానే. ఈ వారం షోరూంకి వెళ్ళినప్పుడు బ్రోషర్ కాదు, నిబంధనల పూర్తి కాగితం అడగండి. మినహాయింపుల పేజీ ఫొటో ఇక్కడ పెడితే, క్లచ్ గురించి ఏం రాశారో చూసి చెబుతాను.